కొత్త బండి ఇచ్చి పాత బండి తెచ్చుకున్నాను: మూడేళ్ల తర్వాత

నాలుగేళ్లు కూడా నిండని, ఏ రోగమూ లేని బండి ఇచ్చేసి, దానికంటే పద్నాలుగేళ్లు పెద్దదైన బండిని ఇంటికి తెచ్చుకున్న రోజున శభాష్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. "పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునేవాళ్లని చూశాం గానీ, నువ్వేంట్రా ఇలా?" అన్నాడు మా అన్నయ్య. కొత్తొక వింత, పాతొక రోత అనే సామెత వీడి దగ్గర తలకిందులైందని నవ్వుకున్నారు. ఇప్పటికి మూడేళ్ల రెండు నెలలైంది. 26,000 కిలోమీటర్లు తిరిగాను. "మంచి పనే చేశావంటావా?" అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రెండు బండ్ల పేర్లూ రాయను. రాస్తే చర్చంతా ఏ కంపెనీ గొప్పదన్న దాని మీదికి పోతుంది. నేను ఇచ్చింది 300 సీసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, కూలెంట్ తిరిగే ఇంజిను, డిజిటల్ మీటరు. తెచ్చుకున్నది 250 సీసీ, పెట్రోలుని గాలితో కలిపి ఇంజినుకి పంపే పాతకాలం కార్బురేటరు, గాలికే చల్లబడే సింగిల్ సిలిండర్, ముందు డిస్కు, వెనక డ్రమ్ము, సెల్ఫుతో పాటు కిక్కు కూడా. "నా పాత బండి" అంటే ఏదో తికమకగా ఉంటుంది, అందుకని ఇచ్చిన బండి, తెచ్చిన బండి అనే అంటాను. తెచ్చిన బండి దాదాపు 30 కిలోలు తేలిక. పైగా దాని ఓనరు కొంత డబ్బు కూడా చేతిలో పెడతానన్నాడు.

ఎందుకు మార్చానంటే, ఇచ్చిన బండి మీద గంటన్నర దాటితే నా మణికట్లు లాగేవి. హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉండే రకం అది. వేగంగా పోయేవాళ్లకి బాగుంటుంది, నాలా 60 మీద నింపాదిగా పోయేవాడికి ఒళ్లునొప్పులే మిగులుతాయి. ఒక రోజు తెచ్చిన బండిని అరపూట నడిపి చూశాను. వీపు నిటారుగా ఉంది, మోకాళ్లు హాయిగా ఉన్నాయి. దిగేటప్పటికే మనసు అటు పోయింది. లెక్కలన్నీ తర్వాత వేసుకున్నవే. "హ్యాండిల్ మార్చుకుంటే పోయేదానికి బండే మార్చేశావా బాబూ?" అని మా మెకానిక్కు అడిగాడు. ఆ ప్రశ్నేదో ఎక్స్ఛేంజీకి ముందు అడిగుంటే బాగుండేది.

బేరం కోసం మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిను మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. "ఇప్పుడే పెట్రోలు కొట్టించుకొచ్చానండీ" అన్నాడు ఓనరు. నిజమే అయ్యుండొచ్చు. కానీ వేడిగా ఉన్న ఇంజిను ఎవరి చేతికైనా పలుకుతుంది. రాత్రంతా చల్లారి ఉన్నప్పుడే దాని అసలు రంగు బయటపడేది. రేపు పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి అని చెప్పి వచ్చేశాను. మర్నాడు చోక్ లాగి కొడితే రెండో కిక్కుకి అందుకుంది. సైలెన్సర్లోంచి మొదట కాస్త తెల్లటి ఆవిరి, తర్వాత ఏమీ లేదు. నీలం పొగ గనక వచ్చుంటే రింగులో, వాల్వు సీళ్లో పోయి ఆయిలు కాలుతున్నట్టు లెక్క, అటునించి అటే తిరిగి వచ్చేసేవాణ్ణి.

ఆ పూట మెకానిక్కుని కూడా తీసుకెళ్లాను. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పించాడు. మధ్యకి వచ్చేసరికి ఏదో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టే. ఆగలేదు. ఫోర్కు రాడ్డు మీద వేలు రుద్దితే జిడ్డు అంటింది, ఆయిల్ సీళ్లు మార్చాలి. వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం, దగ్గర చైనుని వెనక్కి లాగితే పన్ను సగం బయటికి కనబడింది, చైన్ సెట్టూ మార్చాలి. టార్చి వేసి ట్యాంకులోకి చూస్తే తుప్పు లేదు. మీటరు 31,000 చూపిస్తోంది గానీ ఫుట్‌రెస్టు రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, బ్రేకు పెడలు అంచు కాలి రాపిడికి అద్దంలా మెరుస్తోంది. ముల్లు మీటరుని వెనక్కి తిప్పడం పెద్ద విద్యేం కాదు. మనసులో ఇంకో 30,000 కలుపుకునే బేరమాడాను.

టైర్ల దగ్గర నేనే మోసపోయేవాణ్ణి. గాడులు లోతుగానే ఉన్నాయి, చూడ్డానికి కొత్తవాటిలానే ఉన్నాయి. మెకానిక్కు మోకాళ్ల మీద కూర్చుని, టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గీత లోపలి నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2312 అని ఉంటే 2012లో 23వ వారంలో తయారైనట్టు. ఆ లెక్కన మా బండి టైర్ల వయసు తొమ్మిదేళ్లు. గోరు గుచ్చితే దిగలేదు. అరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, అప్పుడది తడి రోడ్డుని పట్టుకోదు.

ఇంకో ముచ్చట. ఇంజిను స్లో స్పీడులో ఉన్నప్పుడు టాపెట్ల టకటక కొంచెం వినబడుతోంది. నేను మొహం చిట్లించాను. మెకానిక్కు మాత్రం సంతోషపడ్డాడు. వాల్వుకీ, దాన్ని నొక్కి తెరిచే రాకరుకీ మధ్య ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు సందు ఉండాలి. అది పూడుకుపోతే చప్పుడు ఆగిపోతుంది, కానీ వాల్వు పూర్తిగా మూసుకోక చివరికి కాలిపోతుంది. "చప్పుడు చేసే టాపెట్టు బతికున్నట్టు బాబూ, చప్పుడు లేనిదాన్నే చూసి భయపడాలి" అన్నాడు. అప్పటిదాకా నేను దీనికి సరిగ్గా రివర్సులో అనుకునేవాణ్ణి. ఇంజిను నెంబరు, ఛాసిస్ నెంబరు కాగితాలతో సరిపోయాయి. బేరం కుదిరింది.

ఇన్ని చూసినవాళ్లం చార్జింగ్ చూడలేదు.

నాలుగో వారంలో ఒక రాత్రి తిరిగొస్తుంటే ముందు హారన్ గొంతు బొంగురుపోయింది. తర్వాత ఇండికేటరు వెలిగి ఆరడం మానేసి వెలిగే ఉండిపోయింది. హెడ్‌లైటు పసుపురంగుకి తిరిగి, దీపం కొండెక్కుతున్నట్టు సన్నబడి, ఇంజిను నాలుగు మిస్సింగులు కొట్టి ఆగిపోయింది. కిక్కు ఉంది కదా అనుకుని చెమటలు పట్టేదాకా కొట్టాను. కిక్కున్న బండ్లన్నీ ఒకటి కాదని ఆ రాత్రే తెలిసింది. కొన్నిట్లో ఇగ్నిషన్‌కి కావలసిన కరెంటు నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది, బ్యాటరీ చచ్చినా కిక్కుకి పలుకుతాయి. మరికొన్నిట్లో ఇగ్నిషన్ బ్యాటరీ మీదే ఆధారపడుతుంది. నాది రెండో రకం. మూడు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చాను.

తప్పు రెక్టిఫైరుది, అంటే మ్యాగ్నెట్ కాయిల్ కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చి పంపే డబ్బాది. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక చార్జింగ్ ఆపేస్తోంది. మీటరు పెట్టి చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. ఇంజిను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి. నాది 12.1 చూపించి ఇంకా దిగుతోంది. కొనేముందు అరగంట నడిపి, ఇంజిను బాగా కాగాక ఈ పరీక్ష చేసుంటే ఆ మూడు కిలోమీటర్ల నడక తప్పేది. మల్టీమీటరు అప్పుడు కొన్నాను, దొంగలు పడ్డ ఆర్నెల్లకి అన్నట్టు.

డబ్బు సంగతికొస్తే, ఎక్స్ఛేంజీలో నా చేతికొచ్చినదాంట్లో మూడొంతులు మొదటి ఎనిమిది నెలల్లోనే బండి తినేసింది. రెండు టైర్లు, చైన్ సెట్టు, బ్యాటరీ, రెక్టిఫైరు, ఫోర్కు సీళ్లు, బ్రేకు గొట్టం, క్లచ్ కేబులు. ఏదీ పెద్ద ఖర్చు కాదు, కానీ అన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టాయి. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆయిలు, ఫిల్టర్లు, ఒక ప్లగ్గు తప్ప దాదాపు ఏమీ అడగలేదు. కాబట్టి పాత బండికి ఎదురొచ్చే డబ్బుని లాభం అనుకోకండి. అది బండి డబ్బు, మీ దగ్గర దాచి పెట్టారంతే. మైలేజీ కూడా తగ్గింది. ఇచ్చినది లీటరుకి 34 ఇచ్చేది, ఇది 29 దాటదు.

స్పేర్ పార్టుల గురించి నేను పడ్డ భయం సగమే నిజమైంది. ముందు చక్రం బేరింగు పోయినప్పుడు దాని మీద 6302 అని ఉంది. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు, బయటిది 42, మందం 13. ఆ నెంబరు ఎవరు తయారుచేసినా అదే కొలత, ఏ దేశంలోనైనా దొరుకుతుంది. ఆయిల్ సీళ్లు, ప్లగ్గులు, చైన్లు, బ్యాటరీలు కూడా ఇంతే, నెంబరు దొరికితే వస్తువు దొరికినట్టే. ఏడిపించేవి వేరే. సైడ్ ప్యానెల్ కొక్కెం విరిగింది, రెండేళ్లుగా ప్లాస్టిక్ ట్యాగుతో కట్టి నడిపిస్తున్నాను. ఇగ్నిషన్ స్విచ్చి కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. ఇంజిను పార్టులు దొరుకుతాయా అని అడిగేవాళ్లే అందరూ. ప్లాస్టిక్కూ, స్విచ్చులూ దొరుకుతాయా అని అడగండి.

ఇక కార్బురేటరు. నాకు ఈ బండి మీద ప్రేమ పుట్టిందీ, విసుగు పుట్టిందీ దీని దగ్గరే. ఒకసారి మూడు వారాలు బండి తీయలేదు. తర్వాత స్టార్టయింది గానీ లాగిన చోక్‌ని మళ్లీ లోపలికి నొక్కేస్తే ఆగిపోతోంది. ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, అడుగున బంకలా పేరుకుని స్లో జెట్టుని, అంటే స్లో స్పీడులో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాన్ని, మూసేసిందన్నమాట. మొదటిసారి మెకానిక్కు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. రెండోసారి నేనే విప్పాను. గిన్నెకి నాలుగు స్క్రూలు, లోపల అగ్గిపుల్లంత ఇత్తడి జెట్టు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే ఏమీ కనబడలేదు. క్లీనర్ కొట్టి, వైరులోంచి తీసిన ఒంటి రాగి పోగుతో పొడిచాను. ఉక్కు సూది పెట్టకూడదు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే పెట్రోలు లెక్క తప్పుతుంది. మళ్లీ ఎత్తి చూస్తే సూదిమొన కంటే సన్నని చుక్క వెలుగు. అంత సంబరం నాకు ఇచ్చిన బండి నాలుగేళ్లలో ఒక్కసారీ ఇవ్వలేదు. అవసరమూ రానివ్వలేదనుకోండి. దాని ఇంజెక్షను ఎండైనా, చలైనా, నెల తర్వాతైనా మీట నొక్కగానే స్టార్టయ్యేది. ఇప్పుడు నాలుగు రోజులు బండి తీయనని తెలిస్తే పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇంజిను దానంతటదే ఆగేదాకా ఉంచుతాను.

బ్రేకుల దగ్గర మాత్రం సరదా మాటలు లేవు. బైకులకి ఏబీఎస్ 1988లోనే బీఎండబ్ల్యూ కే100తో వచ్చింది. కానీ చిన్న బండ్ల దాకా దిగిరావడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే ఈ సైజులో పాత బండి అంటే సాధారణంగా ఏబీఎస్ లేని బండి అనే అర్థం. తెచ్చిన రెండో నెలలో, వాన వెలిసిన సాయంత్రం, ముందు కారు టక్కున ఆగింది. నా చెయ్యి పాత అలవాటుకొద్దీ లివరు మొత్తం పిండేసింది. ఇచ్చిన బండైతే లివరు వేళ్ల కింద గడగడలాడి, తిన్నగా ఆగేది. దీనికి ముందు చక్రం బిగుసుకుపోయి పక్కకి జారింది. వదిలి మళ్లీ పట్టుకున్నాను. ఎలా వదిలానో నాకే తెలీదు. బంపరుకి జానెడు దూరంలో ఆగాను. ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఆ ఆదివారం నుంచి నెలరోజులు ఖాళీ మైదానంలో ముందు బ్రేకుని మొదట మెల్లగా, బరువు ముందుకి వాలాక గట్టిగా పట్టడం సాధన చేశాను. నేర్చుకున్నాను. అయినా తడి రోడ్డు మీద టెన్షన్ పోలేదు. ఇచ్చిన బండిలో నిజంగా బెంగ పెట్టుకున్నది ఆ ఏబీఎస్ ఒక్కదాని మీదే.

మీ దగ్గర ఉన్నది ఒకే బండి, పొద్దున టైముకి ఎక్కడో ఉండి తీరాలి అంటే ఈ ఎక్స్ఛేంజీ వద్దు. ఈ మూడేళ్లలో నా బండి లేకుండా గడిపిన రోజులు లెక్కేస్తే నలభై పైనే. ఇంట్లో ఇంకో స్కూటరు ఉంది కాబట్టి నడిచింది. బండి విప్పడం చూస్తే చిరాకు పుట్టేవాళ్లకీ వద్దు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఏబీఎస్ లేని బండి అసలే వద్దు. ఒళ్లునొప్పుల కోసమే మార్చాలనుకుంటే ముందు హ్యాండిల్ మార్చి చూడండి.

నేనైతే తిరిగి ఇవ్వను. మణికట్లు లాగడం లేదు, నాలుగు గంటలు కూర్చున్నా దిగాలనిపించదు. ఏ చప్పుడు దేనిదో చెవికి తెలుసు. వచ్చే నెల క్లచ్ ప్లేట్లు మార్చాలి, ఈసారి నేనే విప్పుదామని చూస్తున్నాను.

నా బండి తీసుకున్నాయనతో మొన్న ఫోన్లో మాట్లాడాను. ఆయన దాని మీద 40,000 తిరిగాడట. సర్వీసింగ్ చేయించి, ఒకసారి టైర్లు, చైను మార్చడం తప్ప స్క్రూ కూడా తిప్పలేదట. మరి మణికట్లు లాగవా అని అడిగాను. హ్యాండిల్ మార్పించుకున్నాను అన్నాడు.