ప్రత్యేక క్లినిక్కా, ఫ్యామిలీ డాక్టరా? ఎల్జీబీటీక్యూ వ్యక్తుల ప్రాథమిక వైద్యానికి ఏది మేలు?

జ్వరం వచ్చినా, బీపీ పెరిగినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా మనిషి మొదట వెళ్లేది దగ్గర్లో ఉన్న డాక్టరు వద్దకే. ఎల్జీబీటీక్యూ వ్యక్తుల్లో (లెస్బియన్, గే, ద్విలైంగిక, ట్రాన్స్ తదితరుల్లో) చాలామందికి ఆ మొదటి మెట్టు దగ్గరే సందేహం మొదలవుతుంది. దూరమైనా సరే, తమ కోసమే ఏర్పాటైన ప్రత్యేక క్లినిక్కుకు వెళ్లాలా, లేక అందరూ వెళ్లే ఫ్యామిలీ డాక్టరుకే తమ విషయం చెప్పుకోవాలా? ఆ డాక్టరు కొన్ని విషయాలు నేర్చుకుని ఉంటే దీర్ఘకాలంలో అదే మేలని నా అభిప్రాయం. అయితే ఆ షరతు చిన్నదేమీ కాదు, అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ప్రత్యేక క్లినిక్కులు ఊరికే పుట్టలేదు. స్వలింగ ఆకర్షణను వైద్యశాస్త్రమే చాలాకాలం జబ్బుగా లెక్కగట్టింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో దాన్ని తమ రోగాల జాబితాల నుంచి తొలగించాయి. ట్రాన్స్ వ్యక్తుల (పుట్టినప్పుడు రాసిన లింగంతో కాక వేరే లింగంతో తమను గుర్తించుకునేవారి) విషయంలో ఈ మార్పు మరింత ఆలస్యమైంది. 2019లో ఆమోదం పొంది 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రోగాల జాబితా ఐసీడీ-11లో గానీ వారి స్థితి మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటపడలేదు. బోస్టన్‌లో 1971లో మొదలైన ఫెన్‌వే, షికాగోలో 1974లో మొదలైన హోవార్డ్ బ్రౌన్ వంటి కేంద్రాలు ఆ కాలపు అవసరంలోంచి వచ్చినవే.

ఇలాంటి చోట రోగికి దొరికే మొదటి ఊరట, తన గురించి మొదటి నుంచి వివరించుకోవలసిన పని లేకపోవడం. ట్రాన్స్ మహిళను కౌంటరు దగ్గర పాత పేరుతో గట్టిగా పిలిచి, హాల్లో కూర్చున్న పదిమంది తలలు అటు తిరిగేలా చేయరు. హార్మోన్ల చికిత్స, హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రలు, లైంగికంగా సంక్రమించే వ్యాధుల పరీక్షలు చాలా కేంద్రాల్లో ఒకేచోట అందుతాయి. అవమానం భయంతో ఏళ్ల తరబడి డాక్టరు గడప తొక్కని మనిషి మళ్లీ వైద్యం వైపు రావాలంటే ఇంతకన్నా మంచి ద్వారం లేదు.

లోటుపాట్లు కూడా చిన్నవి కావు. ఇవి పెద్ద నగరాలను దాటి ఎక్కువగా విస్తరించలేదు. ఆ గుమ్మం ఎక్కడమే కొందరికి రహస్యం బయటపెట్టుకోవడంతో సమానం. ఇంట్లో ఇంకా చెప్పుకోని ద్విలైంగిక వ్యక్తికి అది పెద్ద భయం. పైగా వీటిలో కొన్ని విరాళాల మీద, బయటి నిధుల మీద నడుస్తాయి. హైదరాబాద్‌లో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా సహాయ నిధులు నిలిచిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. హార్మోన్లు వాడుతున్న మనిషికి క్లినిక్ హఠాత్తుగా మూతపడితే మందుల చీటీ ఎవరు రాస్తారు, రక్తపరీక్ష ఫలితాలు ఎవరు చూస్తారు అన్నది ఆ వారమే ఎదురయ్యే ప్రశ్న.

ఫ్యామిలీ డాక్టరు బలం దగ్గరగా ఉండటం, ఏళ్ల తరబడి అదే మనిషిని చూస్తూ ఉండటం. గే వ్యక్తికీ షుగరు వస్తుంది, లెస్బియన్ మహిళకూ మోకాళ్ల నొప్పులు వస్తాయి. అయితే ఆప్యాయంగా మాట్లాడినంత మాత్రాన వైద్యం పూర్తయినట్టు కాదు. తెలియవలసిన విషయాలు తెలియకపోతే మంచి మనసున్న డాక్టరు వల్ల కూడా నష్టం జరుగుతుంది.

గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషుడికి ఆ భాగపు క్యాన్సర్ పరీక్ష అవసరమే. రికార్డులో పురుషుడని ఉన్న కారణంగా కంప్యూటరు గుర్తుచేయకపోతే డాక్టరే గుర్తుపెట్టుకోవాలి. ట్రాన్స్ మహిళకు జననాంగ శస్త్రచికిత్స జరిగినా ప్రొస్టేట్ గ్రంథి సాధారణంగా లోపలే ఉంటుంది, దాన్నీ మరచిపోకూడదు. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ వాడే ట్రాన్స్ పురుషుల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది కనుక, ల్యాబ్ రిపోర్టును స్త్రీల కొలతలతో పోలిస్తే లేని జబ్బు కనిపించవచ్చు. టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదన్న సంగతి రోగికి ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పాలి. పురుష హార్మోన్ ప్రభావాన్ని తగ్గించడానికి కొందరు ట్రాన్స్ మహిళలు వాడే స్పైరోనోలాక్టోన్ మందు రక్తంలో పొటాషియంను పెంచుతుంది. బీపీకి రామిప్రిల్ వంటి మందు దానికి తోడైతే పొటాషియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. ఆ బీపీ మందు రాసే చేయి తరచుగా ఫ్యామిలీ డాక్టరుదే కాబట్టి, రోగి ఇంకేం వాడుతున్నారో ఆయనకు తెలిసి తీరాలి.

లెస్బియన్ మహిళలకు పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష) అక్కర్లేదని కొందరు డాక్టర్లు చెబుతారు, అది తప్పు. ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ మహిళల మధ్య కూడా సంక్రమిస్తుంది. పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషుడికి మూత్రపరీక్ష ఒక్కటే చేసి పంపేస్తే గొంతులోనో మలద్వారంలోనో ఉన్న గనేరియా అనే లైంగిక వ్యాధి దొరకదు, ఎందుకంటే ఆ రెండు చోట్లా అది తరచుగా ఏ లక్షణమూ చూపదు. హెపటైటిస్ ఏ, బీ టీకాల సంగతి కూడా అడగాలి.

ఇవన్నీ ప్రత్యేక పట్టాలతో పని లేకుండా నేర్చుకోదగినవే, అయితే సరైన ప్రశ్న వేస్తేనే పనికొస్తాయి. "మీ భర్త ఏం చేస్తుంటారు?" అని మొదలుపెట్టిన డాక్టరు ముందు నిజం చెప్పాలంటే ఆయన్ను సరిదిద్దవలసి వస్తుంది, చాలామంది సరిదిద్దరు, ఊరుకుంటారు. "మీ జీవితంలో భాగస్వామి ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. దీనికి సరిగ్గా ఎదురుగా మరో పొరపాటు ఉంది: చేయి విరిగి వచ్చిన ట్రాన్స్ వ్యక్తిని హార్మోన్ల గురించే గుచ్చిగుచ్చి అడగడం. అవసరం లేని చోట అడిగే ప్రశ్న కూడా మనిషిని తరిమేస్తుంది.

మూడో దారిగా కొందరు నేరుగా ఎండోక్రైనాలజిస్టునో (హార్మోన్ల నిపుణుణ్నో) ఆన్‌లైన్ వైద్యాన్నో ఆశ్రయిస్తారు. హార్మోన్ల మటుకు అది సరిపోవచ్చు గానీ, ప్రాథమిక వైద్యానికి బదులు కాదు.

ఇప్పుడే హార్మోన్లు మొదలుపెట్టబోతున్నవారికి, ఇంతకుముందు వైద్యుల చేతిలో గాయపడినవారికి, అందుబాటులో ఉంటే ప్రత్యేక క్లినిక్కే మేలని చెబుతాను. అలాంటివారిని మామూలు ఆసుపత్రికి వెళ్లమని ఒత్తిడి చేయడం తగదు. స్థిరపడ్డాక రోజువారీ వైద్యాన్ని దగ్గరి డాక్టరుకు అప్పగించుకోవచ్చు. అప్పుడు ఏ రక్తపరీక్ష ఎవరు, ఎన్నాళ్లకోసారి చేయించాలో క్లినిక్కు చేత చీటీ మీద రాయించుకుని ఇద్దరికీ ఇవ్వాలి. లేకపోతే అవతలివారు చూస్తున్నారులే అని ఇద్దరూ ఊరుకుంటారు.

కొత్త డాక్టరును ఎంచుకునే ముందు ఫోన్ చేసి, పిలవవలసిన పేరు, రికార్డులోని పేరు వేరైతే ఏం చేస్తారని అడగండి. రిసెప్షన్‌లో తడబడినా కనుక్కుని చెబుతామంటే అది మంచి సూచనే. డాక్టరు "ఇది మార్చవచ్చు, చికిత్స ఉంది" అంటే మాత్రం వెంటనే లేచి వచ్చేయండి. పుట్టుకతో వచ్చిన లైంగికతను మార్చగలదన్న శాస్త్రీయ ఆధారం ఏ చికిత్సకూ లేదని ప్రపంచ మానసిక వైద్యుల సంఘం 2016లోనే స్పష్టం చేసింది.