అప్‌వర్క్: కొత్తగా దిగేవాళ్ళకి గిట్టుబాటు అవుతుందా?

ఇంట్లో కూర్చుని డాలర్లు సంపాదించండంటూ ఊరించే వీడియోల్లో అప్‌వర్క్ పేరు తప్పకుండా వినిపిస్తుంది. క్లయింట్లు (పని చేయించుకునేవాళ్ళు) పనులు పోస్టు చేస్తే, ఫ్రీలాన్సర్లు వాటికోసం పోటీపడే సైటు అది. ఆ వీడియోల్లో దాటేసే సంగతి ఒకటుంది: ఇక్కడ పని అడగడానికే డబ్బు కట్టాలి. ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సైట్లు కలిసిపోయి 2015లో ఈ పేరు పెట్టుకున్నాయి. అప్పటితో పోలిస్తే క్లయింట్లూ పెరిగారు, ఖర్చులూ పెరిగాయి. చేతిలో అమ్ముకోదగ్గ పనితనం ఉండి, గంటల లెక్కన టైమర్ పెట్టుకుని చేసేవాళ్ళకి ఇది ఇప్పటికీ మంచి సైటే. ఏదో ఒక డేటా ఎంట్రీ దొరక్కపోతుందా అని వెళ్ళేవాళ్ళకి మాత్రం చేతి చమురు వదలడమే.

ముందు కనెక్టుల సంగతి. ఇవి ఒకరకం టోకెన్లు. ప్రతి ప్రపోజల్‌కీ, అంటే పని కావాలని పెట్టే దరఖాస్తుకీ, కొన్ని కనెక్టులు ఖర్చవుతాయి. ఒక్కో కనెక్టు 15 సెంట్లు. ఉచితంగా వచ్చేవి ఒకటి రెండు ప్రపోజల్స్‌కే అయిపోతాయి. ఎన్ని పడతాయన్నది పనిని బట్టి మారుతుంది. మన ప్రపోజల్ పైన కనబడాలని బూస్ట్ చేస్తే అది వేలంపాట, ఇంకా ఎక్కువ పోతాయి. పని రాకపోతే ఆ కనెక్టులు పోయినట్టే. మనమే ప్రపోజల్ వెనక్కి తీసుకున్నా తిరిగి రావు. కొత్తవాళ్ళు బూస్ట్ జోలికి వెళ్ళకపోవడం మేలు. రివ్యూ ఒక్కటీ లేని ప్రొఫైల్‌ని అన్నిటికంటే పైన చూపించుకుని లాభం లేదు.

ఇక రేటు. సైటు ఒప్పుకునే కనీసం గంటకి 3 డాలర్లు. 2023లో అందరికీ 10 శాతం అని పెట్టిన కమీషన్ 2025 నుంచి కొత్త కాంట్రాక్టులకి 0 నుంచి 15 శాతం మధ్య ఉంటోంది. ఎంతన్నది ప్రపోజల్ పెట్టేటప్పుడే కనిపిస్తుంది. 10 శాతమే అనుకుందాం. జీఎస్టీ నంబరు లేనివాళ్ళకి ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అంటే 3 డాలర్లలో మిగిలేది 2.65. డాలరు 85 రూపాయలని లెక్కేస్తే గంటకి 225. నెలకి 90 గంటల పని దొరికినా (మొదట్లో అది గగనమే) 20,250. నెలకి 30 ప్రపోజల్స్, ఒక్కోదానికి 12 కనెక్టులు అనుకుంటే 54 డాలర్లు, జీఎస్టీతో కలిపి దాదాపు 5,400 రూపాయలు. చివరికి చేతిలో పడేది పదిహేను వేల లోపే. కరెంటు, ఇంటర్నెట్, ల్యాప్‌టాప్ అరుగుదల ఇంకా లెక్కలోకి రాలేదు.

అదే గంటకి 8 డాలర్లు అడిగితే కోతలు పోగా గంటకి 600 వస్తుంది. 90 గంటలకి 54,000. కనెక్టుల ఖర్చు మాత్రం అంతే. అందుకే తక్కువ రేటుకి ఎక్కువ మంది పిలుస్తారన్న లెక్క ఇక్కడ దెబ్బతీస్తుంది. మీటింగులు, మెసేజులు, ప్రపోజల్స్ రాసుకోవడం వంటి బిల్లు కాని పనులు రోజులో చాలా భాగం తినేస్తాయి. నెలకి ఇంటికి ఎంత కావాలో అనుకుని, దాన్ని నెలలోని 160 పని గంటలతో కాకుండా బిల్లయ్యే 90తో భాగించి, దాని మీద కోతలు కలుపుకుంటే అసలు రేటు తేలుతుంది.

ఏ పనికి ప్రపోజల్ పెట్టాలో తేల్చుకోవడానికి పోస్టు కింద క్లయింట్ వివరాలు చాలు. పేమెంట్ వెరిఫై అయిందా, ఇప్పటివరకు ఎంత ఖర్చు పెట్టాడు, గంటకి సగటున ఎంత ఇచ్చాడు, పోస్టు చేసిన పనుల్లో ఎన్నిటికి మనుషుల్ని తీసుకున్నాడు. సగటు 4 డాలర్లు ఇచ్చినవాడు మనకి 12 ఇవ్వడు. యాభైకి పైగా ప్రపోజల్స్ వచ్చి, క్లయింట్ నాలుగు రోజులుగా పోస్టు తెరిచి చూడకపోతే అక్కడ కనెక్టులు పెట్టడం దండగ. ప్రపోజల్‌లో క్లయింట్‌కి ముందుగా కనబడేది మొదటి రెండు లైన్లే. అక్కడ "డియర్ సర్, ఐ యామ్ హార్డ్ వర్కింగ్" అని మొదలుపెడితే ఆ ప్రపోజల్ తెరవరు. పోస్టులో అతను చెప్పిన సమస్య ఏదో, దాన్ని ముందు ఎక్కడి నుంచి పట్టుకుంటారో ఆ రెండు లైన్లలో ఉండాలి.

అప్‌వర్క్ తీసుకునే కమీషన్‌కి అసలైన ప్రతిఫలం గంటల కాంట్రాక్టులో ఉంది. వాళ్ళ డెస్క్‌టాప్ యాప్ పది నిమిషాలకోసారి, ఎప్పుడన్నది తెలియకుండా స్క్రీన్‌షాట్ తీస్తుంది. కీబోర్డు, మౌస్ కదలికలు లెక్కపెడుతుంది. ఇలా నమోదైన గంటలకి క్లయింట్ డబ్బు ఎగ్గొట్టినా అప్‌వర్క్ ఇస్తుంది. కానీ షరతులున్నాయి. క్లయింట్ పేమెంట్ వెరిఫై అయి ఉండాలి, గంటలు వారానికి ఒప్పుకున్న పరిమితి దాటకూడదు, స్క్రీన్‌షాట్‌లో పని కనబడాలి, ఏం చేస్తున్నారో మెమో రాయాలి. చేత్తో ఎక్కించిన మాన్యువల్ టైముకి ఈ రక్షణ లేదు. చాలామంది నష్టపోయేది ఇక్కడే: టైమర్ ఆన్ చేయడం మర్చిపోయి తర్వాత గంటలు ఎక్కిస్తారు, క్లయింట్ కాదంటాడు, అడిగేందుకు దిక్కుండదు.

ఇంకో చిక్కు వారం లెక్క. వారం యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం మొదలవుతుంది, అంటే మనకి సోమవారం ఉదయం 5:30కి. ఆదివారం రాత్రంతా మేల్కొని సోమవారం తెల్లవారుజామున చేసిన పని పోయిన వారం పరిమితిలోకి వెళ్తుంది. సోమవారం సాయంత్రం 5:30 దాకా వర్క్ డైరీ (ఆ గంటలూ స్క్రీన్‌షాట్లూ ఉండే పేజీ) సరిదిద్దుకోవచ్చు. వాట్సాప్ వెబ్బో, బ్యాంకు పేజీయో స్క్రీన్‌షాట్‌లో పడితే అది తీసేయాలి. దానితో పాటు ఆ పది నిమిషాల డబ్బూ పోతుంది. డబ్బు చేతికందేది వారం ముగిసిన పది రోజులకి, అంటే ఆ పైవారం బుధవారం.

ఫిక్స్‌డ్ ప్రైస్ (గంటల లెక్క కాకుండా మొత్తానికి ఒకే ధర) పనుల్లో మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో దశ) డబ్బు ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా డబ్బు ఆపి ఉంచే ఖాతాలో, పడ్డాకే చెయ్యి పెట్టాలి. ఫైలు చాట్‌లో పంపేసి ఊరుకుంటే గడియారం మొదలవదు. సబ్మిట్ బటన్ నొక్కాలి. నొక్కిన 14 రోజుల్లో క్లయింట్ ఏమీ అనకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది, ఆ పైన ఐదు రోజులు ఆగాలి. గొడవ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) దాకా వెళ్తే ఆ ఫీజులో మన వాటా మనమే కట్టుకోవాలి, చిన్న పనులకి అది గిట్టదు. కాబట్టి పెద్ద పనిని ముక్కలు చేసి, మొదటి ముక్క చిన్నదిగా పెట్టుకోవడమే దారి.

తెలుగు పనులూ వస్తుంటాయి: అనువాదం, సబ్‌టైటిల్స్, ఏఐ మోడళ్ళ కోసం ఆడియో విని అక్షరాల్లో రాయడం. సంఖ్య తక్కువే గానీ పోటీ కూడా తక్కువే. అనువాదానికి రేటు మూలంలోని ఇంగ్లీషు మాటల లెక్కనే చెప్పాలి. తెలుగులోకి వచ్చేసరికి మాటల సంఖ్య బాగా తగ్గిపోతుంది, ఆ లెక్కన బిల్లేస్తే కష్టం పోయినట్టే. ఆడియో రాసే పనిలో "గంటకి 15 డాలర్లు" అంటే పని గంటకా, ఆడియో గంటకా అడగండి. గంట ఆడియో రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుకునే రికార్డింగ్ అయితే ఇంకా ఎక్కువే.

ప్రొఫైల్ తెరిచేటప్పుడు పేరు జాగ్రత్త. మనకి ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది. అప్‌వర్క్‌లోని పేరు, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా మూడూ కలవకపోతే వెరిఫికేషన్ దగ్గరో, డబ్బు తీసుకునే దగ్గరో బండి ఆగిపోతుంది. ముందు బ్యాంకుకి వెళ్ళి పేరు సరిచేయించుకోండి. పాన్ నంబరు కూడా మొదటే ఇచ్చేయండి, లేకపోతే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) ఎక్కువ కోస్తారు. డబ్బు నేరుగా మన బ్యాంకుకే రూపాయల్లో వేయించుకోవచ్చు, ఒక్కో బదిలీకి 99 సెంట్లు. అయితే వాళ్ళిచ్చే మారకం రేటు మార్కెట్ రేటు కంటే కాస్త తక్కువే ఉంటుంది.

ఇలాంటిదే మరో సైటు ఫైవర్‌తో పోలిస్తే? అక్కడ కమీషన్ నేరుగా 20 శాతం, ప్రపోజల్‌కి పైసా ఖర్చు లేదు. లోగో, థంబ్‌నెయిల్ లాంటి రెడీమేడ్ పనులకి ఫైవర్, నెలల తరబడి సాగే పనులకి అప్‌వర్క్ నయం.

ఒక్క హెచ్చరిక. పీడీఎఫ్‌ని వర్డ్‌లోకి టైపు చేస్తే 1,000 డాలర్లు అనేవాళ్ళు, టెలిగ్రామ్‌లోకి రమ్మనేవాళ్ళు, రిజిస్ట్రేషన్ ఫీజో డిపాజిట్టో అడిగేవాళ్ళు అందరూ ఒక తాను ముక్కలే. అకౌంటు అద్దెకివ్వమని నెలకింత ఇస్తామని వచ్చే మెసేజులకి కూడా ఒప్పుకోవద్దు. పట్టుబడితే శాశ్వతంగా మూసేస్తారు, అదే మనిషిని మళ్ళీ ఇంకోటి తెరవనివ్వరు.