ఏసీ, ఆర్వో, గీజర్: బెజవాడలో ఏఎంసీ దేనికి కట్టొచ్చు, దేనికి వద్దు

శివరాత్రి వెళ్లిందంటే బెజవాడలో ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఫోన్లు మొదలవుతాయి. ఏడాదికి ఇంతని కట్టేస్తే ఇంట్లో సామానంతా మేమే చూసుకుంటాం అంటారు. వస్తువు వారీగా లెక్క వేసి చూస్తే మాత్రం, నిజంగా కట్టదగ్గది ఆర్వో (తాగునీటి ప్యూరిఫయర్) ఒక్కదానికే. అదీ బోరు నీళ్లు వాడే ఇంట్లోనే. ఏసీకి కాంట్రాక్టు కన్నా విడిగా ఏడాదికి రెండు సర్వీసులు మేలు. ఫ్రిజ్‌కి కడితే దండగ.

ముందు కాగితం చదవాలి. కాంప్రహెన్సివ్ అంటే పార్టులు కూడా వాళ్లే వేయాలి. నాన్ కాంప్రహెన్సివ్ అంటే వచ్చి చూసినందుకు, విప్పి బిగించినందుకు కూలి మాత్రమే. ఫోన్లో రెండిటినీ ‘ఫుల్ ఏఎంసీ’ అనేస్తుంటారు కాబట్టి ఏ రకమో రాతలో తీసుకోవాలి. కాంప్రహెన్సివ్‌లోనూ గ్యాస్, ప్లాస్టిక్ భాగాలు, రిమోట్ మినహాయించడం మామూలే. వరద, పిడుగు నష్టాలకు ఇవి పనికిరావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినట్టు మళ్లీ మునిగితే ఆదుకునేది ఇంటి సామాను బీమాయే తప్ప ఏఎంసీ కాదు.

ఏసీ సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. నీళ్లతో కడిగే సరైన వెట్ సర్వీసుకు ఒక్కో స్ప్లిట్‌కి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. పావుగంటలో ముగిసిందంటే ఫిల్టర్ దులిపి, పైపైన తుడిచి వెళ్లారనే అర్థం. అసలు మురికి ఉండేది లోపలి బ్లోయర్‌లో. దాని సన్నటి రెక్కల మధ్య దుమ్ము, తేమ కలిసి నల్లటి దూదిలా గట్టిపడుతుంది. గాలి తగ్గడానికి, ముక్కిన వాసనకు కారణం అదే. మెయిన్ ఆపి, పీసీబీకి (ఎలక్ట్రానిక్ బోర్డుకి) కవరు కట్టి, యూనిట్ కింద సర్వీస్ సంచి తగిలించి, బ్లోయర్‌నూ కూలింగ్ కాయిల్‌నూ జెట్‌తో కడగాలి. బకెట్లోకి మొదట దిగే నీళ్లు బొగ్గు కలిపినట్టు ఉంటాయి. అవి తేటగా వచ్చేదాకా ఆపనివ్వొద్దు. బయటి యూనిట్ కడిగేటప్పుడు ప్రెషర్ తగ్గించాలి, లేకపోతే అల్యూమినియం ఫిన్స్ వంగిపోయి గాలి ఆడదు. చివర్లో ట్రేలో చెంబెడు నీళ్లు పోసి డ్రెయిన్ పైపు చివర ధారగా పడుతున్నాయో లేదో చూడాలి. గోడ వెంట నీళ్లు కారడానికి చాలాసార్లు ఆ పైపులో పేరుకున్న పాచే కారణం.

కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి థర్మామీటర్ పెట్టించండి. పైనుంచి లోపలికి పోయే గాలికీ, కింద వచ్చే గాలికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే మిషను బాగున్నట్టే. అప్పుడు ‘గ్యాస్ తగ్గింది, టాప్ అప్ చేయాలి’ అంటే ఒప్పుకోవద్దు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లీకు పట్టకుండా నింపితే రోహిణి కార్తెకు మళ్లీ ఖాళీ. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగంతో పాటు ప్రెషర్ మారుతూ ఉంటుంది, కాబట్టి గేజ్ ఒక్కటి చూసి తేల్చడం కుదరదు. పద్ధతి ఏమిటంటే, ముందు రాగి పైపులు కలిపే ఫ్లేర్ నట్ల దగ్గర సబ్బు నురగ పెట్టి చూడాలి, దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి పరీక్షించాలి. లీకు మూశాక కనీసం 20, 30 నిమిషాలు వాక్యూమ్ పంపు నడిపి, తర్వాత తూకం మీద గ్యాస్ ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో బయటి యూనిట్ ప్లేటు మీద కిలోల్లో రాసే ఉంటుంది. తూకం మిషను తీసుకురానివాళ్లతో గ్యాస్ పని పెట్టుకోవద్దు. మురుగు కాలువ పక్క ఇళ్లలో రాగి కాయిల్ నల్లబడి సూది మొనంత చిల్లులు పడుతుంటాయి. అలాంటి చోట మాత్రం కాయిల్‌నూ గ్యాస్‌నూ కలిపి ఇచ్చే కాంట్రాక్టు దొరికితే తీసుకోవడం తెలివైన పని.

ఆర్వో ఏఎంసీ కట్టే ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్‌తో నల్లా నీళ్లు కొలవండి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 లోపుంటే తాగడానికి సరిపోతాయి. కార్పొరేషన్ కృష్ణా నీళ్లే వస్తూ, కొలత అంతకు లోపే ఉంటే ఆర్వో అక్కర్లేదు, యూవీ ప్యూరిఫయర్ చాలు. బోరు నీళ్లైతే కాంప్రహెన్సివ్ కట్టండి. సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు ఆరు నెలల నుంచి ఏడాదిలో పోతాయి, లవణాలను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, సుమారు రెండేళ్లు వస్తుంది. మెంబ్రేన్ పోయిందని చెబితే దాని నుంచి నేరుగా వచ్చే నీళ్లను కొలిపించండి. లోపలికి 800 వెళ్తుంటే బయటికి 80 దరిదాపుల్లో రావాలి. కుళాయి దగ్గర కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ కొంచెం తిప్పితే పచ్చి నీళ్లు కలిసి అంకె పెరుగుతుంది. కొత్త మెంబ్రేన్ ప్యాకెట్ మీ ముందే చించాలి, పాతది మీ దగ్గరే ఉంచుకోవాలి.

గీజర్‌కి ఏఎంసీ వద్దు, దసరా వెళ్లాక ఒక్కసారి మనిషిని పిలిస్తే చాలు. చూడాల్సింది ట్యాంకులోని మెగ్నీషియం యానోడ్ రాడ్డు. ట్యాంకుకు బదులు తను తినబడేందుకే దాన్ని పెడతారు. ఉప్పు నీళ్లకు వేలంత లావున్న రాడ్డు కరిగి లోపలి ఇనుప తీగ బయటపడుతుంది. అప్పటికీ మార్చకపోతే తుప్పు ట్యాంకుకే పడుతుంది, ట్యాంకు కారితే గీజర్ మొత్తం మార్చడమే. ఎలిమెంట్ మీది సున్నం పెచ్చులు తీయించి, సేఫ్టీ వాల్వ్, ఎర్తింగ్ కూడా చూపించండి.

వాషింగ్ మెషీన్‌కు చేయాల్సింది చాలావరకు ఇంట్లోనే అయిపోతుంది. ఫ్రంట్ లోడ్ కింద మూలనున్న డ్రెయిన్ ఫిల్టర్ నెలకోసారి తీసి కడగాలి. పిన్నీసులు, చిల్లర నాణేలు చేరేది అక్కడే. బోరు నీళ్లైతే రెండు నెలలకోసారి డీస్కేలింగ్ పొడి వేసి బట్టలు లేకుండా వేడి నీళ్ల సైకిల్ తిప్పాలి. ఫ్రిజ్‌కి తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా ఉండాలి. అంతకు మించి ఏటా చేయించే సర్వీసు లేదు.

ఏసీ సర్వీసు ఫిబ్రవరిలోనే బుక్ చేసుకోండి. ఏప్రిల్ దాటితే మనిషి దొరకడు, దొరికినా తీరిగ్గా కడగడు. జాబ్ కార్డు మీద వేసిన పార్టు పేరు, దాని వారంటీ, ఎక్కించిన గ్యాస్ గ్రాములు రాయించుకున్నాకే సంతకం పెట్టండి, ఓటీపీ చెప్పండి. కట్టించుకుని రాకుండా తిప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు చేతిలో ఉండాల్సింది ఆ కార్డూ, జీఎస్టీ బిల్లూ.