బాత్రూంకి 4 అడుగులా, 5 అడుగులా? గదిని ఎలా కోస్తే మేలు?

మాది విజయనగరం పాత ఊళ్లో, మూడు లాంతర్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో మామయ్యగారు కట్టించిన ఇల్లు. ఇంటిల్లిపాదికీ పెరట్లో విడిగా ఉన్న బాత్రూం ఒక్కటే. మొన్న వానాకాలంలో తెల్లవారుజామున మా అత్తయ్య అక్కడికి వెళ్తూ నాచు పట్టిన గచ్చు మీద జారారు. మణికట్టు బెణకడంతో సరిపోయింది కానీ, వెనక గదికి అటాచ్డ్ బాత్రూం కట్టి తీరాలని ఆ రోజే అనుకున్నాం. గది లోపలి కొలత 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. అందులోంచే బాత్రూం కొయ్యాలి, బయటికి జరపడానికి స్థలం లేదు. మరి ఎంత కొయ్యాలి అన్న దగ్గర ఇంట్లో నెల రోజులు చర్చ నడిచింది. ఇదే సందిగ్ధంలో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి మేము చూసుకున్న లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

తాపీమేస్త్రి మొదటి మాటే, "అమ్మా, నాలుగూ ఏడు సరిపోద్ది, ఊళ్లో అందరికీ అదే కడతన్నాం" అని. అంటే మూలన 4 అడుగులు, 7 అడుగుల బాత్రూం. మా ఆయనది రెండో మాట: గది వెడల్పంతా పట్టేలా 4 అడుగుల పట్టీ కోసేస్తే 4, 11 బాత్రూం వస్తుంది, గోడ తిన్నగా ఉంటుంది. నాది మూడోది: మూలనే, కానీ 5 అడుగులు, 7 అడుగులు. మధ్య గోడ ప్లాస్టరింగ్‌తో కలిపి అరడుగు తినేస్తుంది, ఈ లెక్క చాలామంది మర్చిపోతారు. అది కూడా తీసేస్తే మొదటి రెండు పద్ధతుల్లో మంచం వేసే భాగం 11, 10.5 మిగులుతుంది. నా పద్ధతిలో 11, 9.5. తేడా ఒక్క అడుగు.

ఆ అడుగు పడకగదిలో ఉంటే మేలా, బాత్రూంలో ఉంటే మేలా అన్నదే అసలు ప్రశ్న. కాగితం మీద చూస్తే తేలదు. మేము డాబా మీద సుద్దముక్కతో రెండు కొలతలూ గీశాం. కమోడ్ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కుర్చీ, వాష్ బేసిన్ చోట స్టూలు, స్నానం చోట బకెట్, పీట పెట్టాం. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరైనా చెయ్యి అందించి లేపాల్సి వస్తే ఎలా ఉంటుందో చూద్దామని నేను ఎదురుగా నిలబడ్డాను. కమోడ్ గోడ నుంచి రెండుంపావు అడుగులు ముందుకి వస్తుంది కదా, 4 అడుగుల వెడల్పులో దాని ముందు మిగిలేది ఒకటిముప్పావు అడుగే. ఆవిడ మోకాళ్లకే అది సరిపోయింది, నా మడమలు రెండూ సుద్దగీత దాటి బయట ఉన్నాయి. అంటే నిజంగా గోడ ఉంటే నేను అక్కడ నిలబడలేను. 5 అడుగుల్లో ముందు రెండుముప్పావు వచ్చింది, ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి వేసి లేపగలిగాను. ఆ ఒక్కటి చూశాక నా మనసు తేలిపోయింది.

కమోడ్‌ని పొట్టి గోడకి పెడితే 4 అడుగులు చాలవా అని మేస్త్రి అడిగాడు. చాలతాయి, నడుం బాగున్నవాళ్లకి హాయిగా చాలతాయి. కానీ 7 అడుగుల పొడవులో కమోడ్, దాని ముందు జాగా పోగా స్నానానికి మిగిలేది తలుపు పక్కనే. స్నానం చేసిన ప్రతిసారీ తడి గుమ్మం దగ్గరే ఉంటుంది, రాత్రి లేచి వచ్చిన పెద్దవాళ్లు మొదటి అడుగు ఆ తడి మీదే వెయ్యాలి. జారే ప్రమాదం తప్పించడానికే కదా ఇదంతా కడుతున్నాం! ఇంకొకటి, దేశమంతటికీ ఇళ్ల కట్టుబడి ప్రమాణాలు చెప్పే నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో కనీస కొలత స్నానం, టాయిలెట్ కలిసి ఉన్న గదికి 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు. 4, 7 అంటే 28 మాత్రమే. ఊళ్లో అందరూ కట్టుకుంటున్న కొలత కనీసం కన్నా తక్కువన్నమాట.

ఇక పడకగది వైపు చూద్దాం, దానికి జరిగే నష్టం కూడా దాచకూడదు. మా మంచం క్వీన్ సైజు, 5 అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు. 10.5 అడుగుల గదిలో మధ్యలో వేస్తే అటూ ఇటూ రెండుముప్పావు అడుగుల చొప్పున మిగులుతుంది, 9.5లో రెండుంపావు. మనిషి నడవడానికి రెండుంపావు బాగానే సరిపోతుంది. అత్తయ్యకి వాకర్ అవసరమయ్యే రోజు వస్తే మాత్రం చాలదు, వాకరే దగ్గర దగ్గర 2 అడుగులు ఉంటుంది. అప్పుడు మంచాన్ని ఒక పక్కకి జరిపితే ఆవిడ దిగే వైపు మూడున్నర అడుగులు వస్తుంది. మంచం జరపొచ్చు, బాత్రూం గోడ జరపలేం కదా. కోడ్ ప్రకారం చూసినా ఇంట్లో ఒక గదికైనా 9.5 చదరపు మీటర్లు ఉండాలి, 11, 9.5 అడుగుల గది దానికి కొంచెం పైనే ఉంది.

మా ఆయన చెప్పిన పట్టీ పద్ధతిని కొట్టిపారెయ్యలేను. 44 చదరపు అడుగులు వస్తాయి, ఒక చివర స్నానం, ఇంకో చివర వాషింగ్ మెషీన్ పెట్టుకోవచ్చు, మేస్త్రికీ పని తేలిక. బట్టలుతకడానికి వేరే చోటు లేని ఇళ్లకి నేనైతే అదే చెప్తాను. మాకు పెరడుంది కాబట్టి ఆ లాభం అక్కర్లేదు. పైగా వెడల్పు ఆ నాలుగడుగులే, పొడవు ఎంతున్నా కమోడ్ ముందు ఇరుకు అలాగే ఉంటుంది, లేకపోతే దాన్ని చివరి గోడకి పెట్టి మంచం నుంచి అంత దూరం నడిపించాలి. బీరువాకి విడిగా చోటు కూడా పోతుంది. మూలన కట్టే పద్ధతిలో బాత్రూం పక్కన మూడున్నర అడుగుల వెడల్పు సందు మిగులుతుంది. దాని చివర బీరువా, ముందు మూడడుగుల జాగాలోంచి బాత్రూం తలుపు. మంచం మీద పడుకుంటే తలుపు ఎదురుగా కనిపించదు. మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి, ముందు రోజు తొలేళ్ల నాటి నుంచే చుట్టాలు దిగిపోయి ఇల్లు నిండిపోతుంది, అలాంటప్పుడు ఈ మరుగు ఎంత సుఖమో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బీరువా మాత్రం బాత్రూం గోడకి ఆనించకండి, రెండంగుళాలైనా వదలండి, చెమ్మ పట్టిందంటే పట్టుచీరలు పాడైపోతాయి.

ఏ మూల అన్నదానికి వాస్తు ప్రకారం ఈశాన్యం వద్దన్నారు, వాయవ్యం మూల ఖాయమైంది. నాకు అంతకన్నా ముఖ్యం ఆ మూల రెండు వైపులా బయటి గోడే ఉండటం. వెంటిలేటర్ పెట్టే వీలు లేని చోట బాత్రూం కట్టొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని సర్దుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత పలాస దగ్గర మా ఆడపడుచు వాళ్లింట్లో రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ లేని బాత్రూం, ఫ్యాన్ తిరగదు, ఆ వాసన పడకగదిలోకి వస్తుంటే వాళ్లు వరండాలో పడుకున్నారు. మనవైపు తుఫాన్లు ఎప్పుడో ఒకసారి వచ్చేవి కావు.

తలుపు విషయంలో రెండు మాటలు. మామూలుగా బాత్రూంకి రెండున్నర అడుగుల తలుపు పెడతారు, దర్వాజా తీసేస్తే దారి ఇంకా తగ్గుతుంది. మేము 3 అడుగుల దర్వాజా చెప్పాం. అది బయటికే తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డుపడి బయటి నుంచి ఎవరూ తియ్యలేరు. గడప ఎత్తుగా వద్దు, బాత్రూం గచ్చు పడకగది కన్నా అరంగుళం దిగువగా ఉండి, నీళ్ల వాలు స్నానం చేసే మూలకి సరిగ్గా ఇస్తే చాలు.

మీ గది 10, 12 అయితే మాత్రం నేను చెప్పిన కొలత పట్టుకుని గోడ లేపకండి. 5 అడుగులు, గోడ అరడుగు పోతే మిగిలేది ఆరున్నర, అందులో మంచం వేస్తే కాలు పెట్టే చోటుండదు. మిగిలే గది వెడల్పు 8 అడుగుల కన్నా తగ్గుతుందంటే గదిని కొయ్యడమే వద్దు. పెరట్లో బాత్రూం అలాగే ఉంచి, గది గుమ్మం నుంచి దానిదాకా పైన రేకు, కింద గరుకు పలకలు, పక్కన పట్టుకోవడానికి పైపు వేయించండి. ఖర్చు తక్కువ, గది గదిలాగే ఉంటుంది. మాకూ గది చిన్నదైతే అదే చేసేవాళ్లం.

నిన్న మేస్త్రి వచ్చి గదిలో ముగ్గు పోసి గీత వేశాడు, 5, 7. అత్తయ్య ఆ గీతల మధ్య ఒకసారి నిలబడి, "నాకేటి, పడకగది ఎంతున్నా పరవాలేదు, లైటు స్విచ్చి మాత్రం మంచం మీంచి చెయ్యి సాపితే అందాల" అన్నారు. కరెంటు మేస్త్రి సోమవారం వస్తానన్నాడు, ఆవిడ మంచం మీద కూర్చుని చెయ్యి చాపిన ఎత్తులో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి ఉంచాను.