బెలుం, తాడిపత్రి, గండికోట: మధ్యలో 8,500 రూపాయల రేకు

గుట్టల్లో, క్వారీ దారుల్లో ఫోర్ బై ఫోర్ బండి నడిపేవాళ్ళు కింద స్కిడ్ ప్లేటు (రాళ్ళ దెబ్బ ఇంజన్‌కు తగలకుండా బండి అడుగున బిగించే ఇనుప పలక) వేయించుకునే ముందు ఇది చదవండి. కర్నూలులో ఒక యాక్సెసరీస్ షాపువాళ్ళు నా దగ్గర 8,500 రూపాయలు తీసుకున్నారు. బిల్లు మీద ‘3 ఎం.ఎం. స్టీల్’ అని రాసిచ్చారు. నా థార్ కింద బిగించింది మాత్రం ఉత్త రేకు. ఆ సంగతి కొలిమిగుండ్ల దగ్గర ఒక నాపరాళ్ళ క్వారీ దారిలో, మిట్టమధ్యాహ్నం, పిల్లాడు నీళ్ళు అడుగుతున్నప్పుడు తెలిసింది.

జనవరిలో రెండు రోజుల ప్రయాణం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ అబ్బాయి, మా బావమరిది. తెల్లవారుజామున కర్నూలులో బయలుదేరి, బనగానపల్లెలో టీ తాగి, బెలుం గుహలు తెరిచే వేళకు చేరిపోయాం. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సుమారు సగం. పాతాళగంగ దాకా దిగి వచ్చేసరికి చొక్కాలు తడిసిపోయాయి. లోపల ఉక్క బాగా ఉంటుంది కాబట్టి నూలు బట్టలు వేసుకుని పొద్దున్నే వెళ్ళండి. వంక పెట్టడానికేమీ లేదు.

అక్కడికి దగ్గర్లోనే మా బావమరిది స్నేహితుడికి క్వారీ ఉంది. చూసి పోదామన్నాడు. దారి నిండా క్వారీ చెత్త, అంటే పనికిరాని నాపరాయి ముక్కలు. ఈ రాయి గుండ్రాయిలాంటిది కాదు. పలకలు పలకలుగా, అంచు కత్తిలా ఉంటుంది. ముందు టైరు పలక ఒక కొసను తొక్కిందంటే రెండో కొస ఏతాంలాగా పైకి లేస్తుంది. అది లేచేది సరిగ్గా బండి కడుపు కిందే. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లని కంపెనీ చెబుతుంది. రాయి తనంతట తాను లేచి వస్తుంటే ఆ లెక్క ఏ మూలకు?

ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు), ఫస్ట్ గేరులో మెల్లగానే పోతున్నాను. కింద పెద్ద చప్పుడయింది. వెనువెంటనే రేకు దేనికో రాసుకుంటున్నట్టు గరగరమని ఒకటే మోత. ఇంజన్ ఆపేసి కిందికి దూరాను. ప్లేటు ముందు అంచు వెనక్కి మడతపడి ఇంజన్ చాంబర్‌ను, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, నొక్కుతోంది. చాంబర్ కింద డ్రైన్ నట్టు దగ్గర నల్లగా ఒక చుక్క ఊరి, సాగి, కింది పలక మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. చాంబర్‌ను కాపాడాల్సిన ప్లేటే దాన్ని పొడిచింది.

“ఏం కాదు బావా, తాడిపత్రి ముప్పై కిలోమీటర్లే, మెల్లగా పోదాం పా” అన్నాడు మా బావమరిది. నేను ఒప్పుకోలేదు. ఆయిల్ పోయిన ఇంజన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు, పట్టేసిందంటే ఖర్చు లక్షల్లోనే. కింద దెబ్బ తగిలితే ముందు ఇంజన్ ఆపాలి, తర్వాత దిగి చూడాలి, డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) తీసి చూశాకే మళ్ళీ స్టార్ట్ చేయాలి. ఈ వరస తప్పొద్దు. మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా బాబుని తీసుకుని తుమ్మచెట్టు నీడకు వెళ్ళి కూర్చుంది. ఆ మౌనానికే నాకు టెన్షన్ ఎక్కువైంది.

క్వారీలో హిటాచీ నడిపే అబ్బాయి గడ్డపార, స్పానర్లు తెచ్చాడు. రేకును వెనక్కి వంచి, బోల్టులు విప్పి తీసేశాం. అతనే డ్రైన్ నట్టును అర చుట్టు బిగించాడు. కారడం పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గింది. నా దగ్గరున్న లీటరు ఆయిల్ పోసి, ఐదు కిలోమీటర్లకోసారి ఆపి డిప్‌స్టిక్ చూసుకుంటూ తాడిపత్రి చేరాం. ఎంత బతిమాలినా ఆ అబ్బాయి డబ్బులు తీసుకోలేదు.

తాడిపత్రిలో బండలు మోసే లారీలకు లెక్కలేదు, కాబట్టి లారీల కింది భాగాలు తెలిసిన చేతులకూ కొదవలేదు. రోడ్డు పక్కన ఒక వెల్డింగ్ షెడ్డులో అరవై దాటిన మేస్త్రి మా రేకును చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు.

“ఇది యాడ ఏయించినారు సామీ?”

చెప్పాను. మందం కొలిచే వెర్నియర్ తెచ్చి పెట్టి చూపించాడు. 1.6 మిల్లీమీటర్లు. “పదారు గేజి రేకు ఇది. టూలు బాక్సుకు సరిపోతాది. రాయికి ఆగుతాదా?” అన్నాడు.

మందం ఒక్కటే కాదు, తప్పులు ఇంకా ఉన్నాయని బండి కిందికి పిలిచి వేలు పెట్టి చూపించాడు. ముందు వైపు ప్లేటును చాసిస్‌కు (బండి బరువు మోసే ఇనుప చట్రానికి) కాకుండా బంపర్ దగ్గరున్న పలచని పట్టీకి బిగించారు. బండి బరువు ప్లేటు మీద పడినప్పుడు మోయాల్సింది చాసిస్, ఆ పట్టీ వల్ల అయ్యే పని కాదు. చాంబర్‌కూ ప్లేటుకూ మధ్య సందు ఉంచలేదు. ఎంత మంచి ప్లేటైనా దెబ్బకు కాస్త వంగుతుంది, ఆ వంగడానికి కనీసం రెండు వేళ్ళ జాగా కావాలట. ముందు అంచును పైకి వంచకుండా తిన్నగా వదిలేశారు. రాయి దాన్ని దువ్వుకుంటూ జారిపోవాల్సింది పోయి, అంచుకే తట్టుకుంది. బోల్టు తలలు కూడా బయటికి పొడుచుకుని ఉన్నాయి.

ఆయన వేసిన ప్లేటు 4 మిల్లీమీటర్ల షీటు, 75 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. ముందు అంచు పైకి వంచాడు. బోల్టు తలలు లోపలికి మునిగేలా గుంటలు చేశాడు. ఆయిల్ మార్చేటప్పుడు ప్లేటు విప్పక్కర్లేకుండా డ్రైన్ నట్టు కింద రంధ్రం పెట్టాడు, వేడి పోవడానికి, బురద రాలడానికి గాట్లు కోశాడు. ఎప్పుడైనా గేరుబాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెకు) కూడా వేయించుకుంటే ముందు ప్లేటు వెనక అంచు తర్వాతి ప్లేటు కిందికి రావాలని, అప్పుడే ముందుకు పోయేటప్పుడు రాయి ఎక్కడా తట్టుకోదని చెప్పాడు.

ఖర్చు ఇది. షీటు 14 కిలోలు, కిలో 80 చొప్పున 1,120. కూలి 1,800. బోల్టులు, రబ్బరు బుష్‌లు 180. డ్రైన్ నట్టుకు రాగి వాషర్ 30. రెండు లీటర్ల ఆయిల్ 960. మొత్తం 4,090 రూపాయలు. షాపు బిల్లులో సగం కూడా లేదు.

ఐదు గంటలు పట్టింది. మధ్యాహ్నం షెడ్డు ఎదురుగా మెస్సులో జొన్న రొట్టె, గుత్తివంకాయ, చెనిక్కాయల చట్నీ, మనిషికి 70. మా బావమరిది నాలుగు రొట్టెలు తిని కోలుకున్నాడు. మా ఆవిడ, బాబు ఆటోలో చింతల వెంకటరమణస్వామి గుడికి వెళ్ళి, రథంలా చెక్కిన గరుడ మండపం చూసి నవ్వుతూ తిరిగొచ్చారు. విజయనగర కాలపు పని, తాడిపత్రి మీదుగా పోయేవాళ్ళు వదులుకోవద్దు.

మేస్త్రి చెప్పినవాటిలో నాకు కొత్తగా తెలిసినవి కొన్ని. రాయిని రెండు చక్రాల మధ్యకు రానిచ్చి దాటాలని చూస్తాం, అది తప్పు. టైరే రాయి ఎక్కాలి, అప్పుడు బండితో పాటు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో కిందికి ఉబ్బి ఉండే గేర్ల గుండు) కూడా లేస్తుంది. వెనక యాక్సిల్ స్ప్రింగుల కింద ఉంటుంది కాబట్టి, స్ప్రింగులు మార్చి బండిని ఎంత ఎత్తు చేసినా డిఫరెన్షియల్ మాత్రం లేవదు, పెద్ద టైర్లు వేస్తేనే లేస్తుంది. నాపరాళ్ళ దారిలో టైర్లలో గాలి మరీ తగ్గిస్తే పక్కలు ఉబ్బి పలక అంచుకు కోసుకుపోతాయి. ఇక ఎండాకాలం బోదగడ్డిలో తిరిగితే ప్లేటు పైన, సైలెన్సర్ దగ్గర గడ్డి ఇరుక్కుని అంటుకునే ప్రమాదం ఉంది, ఆగినప్పుడల్లా వంగి చూసుకోవాలి.

గండికోటలో టెంటుకు ముందే 2,200 కట్టాం. టెంటు దాకా మంచి రోడ్డు ఉందని ఫోన్లో చెప్పారు. రాత్రి తొమ్మిదింటికి వెళితే చివరి అర కిలోమీటరు అంతా బండరాళ్ళు, పైగా అన్నం అయిపోయిందన్నారు. బిస్కెట్లు తిని పడుకున్నాం. నా సలహా అడిగితే జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని, తెల్లవారుజామున పదిహేను కిలోమీటర్లు బండి మీద రండి. పొద్దున పెన్న లోయ మీద ఎండ పడటం చూశాక, మాధవరాయ గుడి, జుమ్మా మసీదు తిరిగాక అందరి ముఖాలూ తేటపడ్డాయి.

ఆ రాత్రి టెంటు దారిలో ఒక రాయి మళ్ళీ కింద తగిలింది. ఠంగుమని మోగింది. ఎవరూ మాట్లాడలేదు. దిగి టార్చి వేసి చూస్తే కొత్త నల్ల పెయింటు మీద బొటనవేలంత గీత, అంతే. బాబు కూడా నా పక్కనే బోర్లా పడుకుని చూశాడు. “నాన్నా, చుక్క పడట్లేదు” అన్నాడు.

సోమవారం ఆ వంగిన రేకును, బిల్లును షాపు కౌంటరు మీద పెట్టాను. మేస్త్రి వెర్నియర్ పట్టి కొలిచిన ఫోటో చూపించాను. ముందు రాళ్ళ దారిలో నడపడం నాదే తప్పన్నారు, తర్వాత 2,000 ఇస్తామన్నారు. తీసుకోలేదు. 8,500 మొత్తం తిరిగి కావాలని రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద వాళ్ళ ముద్ర వేయించుకుని వచ్చాను. పదిహేను రోజులు గడువు అడిగారు. రేకు నా దగ్గరే ఉంది.