ఎంటీ8980 డిజిటల్ స్విచ్: ఒకే తీగ మీద ఎవరి వంతు వారికి

ఒకే డేటా బస్‌ను (డేటా మోసే ఉమ్మడి తీగను) అనేక సర్క్యూట్ కార్డులు కాలవిభజన పద్ధతిలో, అంటే ఒక్కొక్కటి తన వంతు సమయంలోనే వాడుకుంటూ, ఎలా పంచుకుంటాయో చేతులారా తెలుసుకోవాలన్న కోరికతో, టెలిఫోన్ పరికరాల సంస్థ మైటెల్ తన ఎస్‌టీ-బస్ (ఎక్స్ఛేంజి కార్డుల మధ్య మాటలను బిట్లుగా మోసే తీగ) కోసం తయారుచేసిన ఎంటీ8980 చిప్‌లు రెండింటితో ఒక ప్రయోగ బోర్డు కట్టాను. ఆ పనికి ఇంతకంటే మంచి చిప్ నాకింకా తారసపడలేదు.

ఎస్‌టీ-బస్ తీగ మీద ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక ఫ్రేము, అంటే వంతుల ఒక పూర్తి చుట్టు, నడుస్తుంది. ఫ్రేముకు 32 టైమ్‌స్లాట్లు (వంతులు), స్లాటుకు 8 బిట్లు. అంటే ఒక్కో స్లాటు సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో ఒక సంభాషణను మోస్తుంది. ఈ చిప్‌లోకి వచ్చే తీగలు 8, బయటికి వెళ్లేవి 8 కనుక, 256 స్లాట్లలో దేనినైనా మరి దేనికైనా మళ్లించవచ్చు. బయటికి వెళ్లే ప్రతి స్లాటుకూ కనెక్షన్ మెమరీలో ఒక చిరునామా ఉంటుంది: మూడు బిట్లు ఏ తీగో, అయిదు బిట్లు ఏ స్లాటో చెబుతాయి. ఆ ఒక్క బైటు మార్చితే చాలు, మాట దారి మారిపోతుంది.

అయితే నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది, తన వంతు కానప్పుడు తీగను వదిలేసి ఊరుకోవడానికి ఇందులో ప్రతి స్లాటుకూ విడిగా ఒక బిట్ కేటాయించడం. కరెంటు ఇచ్చిన క్షణంలో ఆ మెమరీలో ఏముంటుందో చెప్పలేం గనుక, ప్రాసెసర్ దాన్ని నింపేదాకా ఔట్‌పుట్లన్నిటినీ ఆపి ఉంచే ఓడీఈ (ఔట్‌పుట్ డ్రైవ్ ఎనేబుల్) పిన్ కూడా ఇచ్చారు. మొదటి బోర్డులో నేను ఆ పిన్‌ను నేరుగా 5 వోల్టులకు కలిపేశాను, అంటే ఔట్‌పుట్లను ఆపే వీలు లేకుండా చేశాను. ప్రాసెసర్‌ను రీసెట్‌లో ఉంచి చూస్తే, ఒకే స్లాటులో ఒక చిప్ 1 అని, మరొకటి 0 అని తీగను చెరోవైపు లాగుతుండడం వల్ల, రెండింటికీ మధ్య వేలాడే వోల్టేజీ ఓసిలోస్కోప్ తెర మీద స్పష్టంగా కనిపించింది. ఆ పిన్‌ను పుల్‌డౌన్ రెసిస్టరుతో (ఎవరూ నడపనప్పుడు పిన్‌ను 0 వద్ద ఉంచేది) ప్రాసెసర్ పోర్టుకు మార్చాక పెనుగులాట పూర్తిగా ఆగింది.

లోపాలూ ఉన్నాయి. ఒక గొంతును ఎన్ని దిక్కులకైనా పంపగలదు గానీ, రెండు గొంతులను కలపలేదు; కాన్ఫరెన్సుకు వేరే సర్క్యూట్ తప్పదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, స్లాట్ల స్థానాలను బట్టి ఆలస్యం మారడం: మాటకు ఇది పట్టింపు కాదు, కానీ అనేక స్లాట్లను జోడించి ఒకే డేటా ప్రవాహంగా వాడితే, కొన్ని బైట్లు ఈ ఫ్రేములోనూ మిగిలినవి మరుసటి ఫ్రేములోనూ వెలువడి వరుస చెదిరిపోతుంది. అందుకే కొత్త డిజైనుకు ఇదే అమరికను ఎఫ్‌పీజీఏలో (మనకు కావలసిన సర్క్యూట్‌ను రాసుకోగల చిప్‌లో) రాసుకుని, ఫ్రేము మొత్తాన్ని దాచి ఉంచే బఫర్లతో ఆలస్యాన్ని స్థిరపరచుకోవడం మేలు. పాత ఎక్స్ఛేంజి కార్డులు బాగుచేసేవారు మాత్రం ఈ చిప్‌ను అనుమానించే ముందు 4.096 మెగాహెర్ట్జ్ క్లాకూ, 8 కిలోహెర్ట్జ్ ఫ్రేము పల్సూ సరిగా అందుతున్నాయో లేదో తప్పక పరీక్షించాలి.