"ఎన్ని స్టార్లు?" అన్న ప్రశ్నతో ఆగొద్దు: విశాఖ రోడ్ల మీద చిన్న కార్ల భద్రత

గాజువాక నుంచి ఆనందపురం వైపు జాతీయ రహదారి 16 మీద చిన్న కార్ల పక్కనే పోర్టు కంటైనర్లు, ఉక్కు లోడు ట్రైలర్లు నడుస్తాయి. ఆ రోడ్డు మీద రోజూ తిరగడానికి చిన్న కారు వెతికేవాళ్లు ఇప్పుడు మైలేజీతో పాటు "ఎన్ని స్టార్లు?" అని కూడా అడుగుతున్నారు. మంచిదే. కాకపోతే షోరూములో దానికి దొరికే జవాబు సగమే. ఏ పరీక్షలో, ఏ సంవత్సరంలో, ఏ వేరియంటుకి వచ్చాయని అడిగితేగాని మిగతా సగం బయటికి రాదు.

ముందు పరీక్ష సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి మనకి భారత్ ఎన్‌క్యాప్ ఉంది, అంటే కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే మన దేశపు పరీక్ష. కారుని గంటకి 64 కి.మీ. వేగంతో నలిగే అడ్డుగోడకి గుద్దిస్తారు. ముందు భాగం మొత్తం తగలదు, వెడల్పులో 40 శాతమే తగులుతుంది. ఎదురుగా దాదాపు అదే బరువున్న కారు డ్రైవరు వైపు గుద్దినట్టన్నమాట. తర్వాత 50 కి.మీ. వేగంతో కదిలే అడ్డుగోడని కారు పక్కకి కొట్టిస్తారు. మూడు స్టార్లు, ఆ పైన కావాలంటే కారుని 29 కి.మీ. వేగంతో పక్కవాటుగా స్తంభానికి కొట్టే పరీక్ష కూడా నెగ్గాలి. బండి జారకుండా చూసే ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) కూడా ఉండాలి. కారులో పెద్దల రక్షణకి 32 మార్కులు, పిల్లల రక్షణకి 49. అయిదు స్టార్లు రావాలంటే పెద్దల్లో కనీసం 27, పిల్లల్లో కనీసం 41 రావాలి.

అంతకుముందు మన కార్లని పరీక్షించింది గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ సంస్థ. 2022 మధ్యలో అది నియమాలు మార్చి కఠినం చేసింది. పాత పద్ధతిలో పెద్దలకి 17 మార్కులే, నాలుగు స్టార్ల దాకా ముందు గుద్దుడు ఒక్కటే లెక్క. కాబట్టి 2020లో టాటా టియాగోకి వచ్చిన నాలుగు స్టార్లనీ ఇప్పుడు భారత్ ఎన్‌క్యాప్‌లో వచ్చే నాలుగు స్టార్లనీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. పంచ్‌దీ అదే కథ. 2021లో 17కి 16.45 తెచ్చుకుంది, బాడీ గట్టిగా నిలిచింది, అందులో సందేహం లేదు. 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో 32కి 31.46 వచ్చింది మాత్రం కరెంటుతో నడిచే పంచ్ ఈవీకి. పెట్రోలు పంచ్ అడిగితే ఈవీ సర్టిఫికెట్ చూపించారంటే, అది మీరు కొనే బండిది కాదని అక్కడే చెప్పండి.

ఇలాంటి అరువు స్టార్ల బేరం ఎక్కువగా జరిగేది స్విఫ్ట్, డిజైర్ దగ్గర. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్ కొత్త పద్ధతిలో 34కి 31.24తో పెద్దల విభాగంలో అయిదు స్టార్లు తెచ్చుకుంది, తర్వాత భారత్ ఎన్‌క్యాప్‌లో కూడా అయిదే. మారుతి కార్లలో భద్రత తక్కువని ఏళ్ల తరబడి ఉన్న ఫిర్యాదుకి ఆ కారు గట్టి జవాబు. "స్విఫ్ట్‌కీ అదే ప్లాట్‌ఫారం కదండీ" అంటారు. ప్లాట్‌ఫారం, అంటే కారు అడుగు కట్టు, ఒకటైనంత మాత్రాన స్టార్లు వాటికవే పక్క కారుకి రావు. 2022లో ఒక్క స్టారు తెచ్చుకున్నది పాత తరం స్విఫ్ట్, దాన్ని కొత్తదానికి అంటగట్టడమూ తప్పే. ఏ మోడల్ రిపోర్టు ఆ మోడల్‌దే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బాడీ షెల్. గ్లోబల్ ఎన్‌క్యాప్ రిపోర్టులో అది స్టేబులా, అన్‌స్టేబులా అని ఒక్క మాటలో రాసి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు బోనెట్ భాగం నలగాలి, నలిగి దెబ్బని మింగాలి. మనుషులు కూర్చునే పెట్టె మాత్రం నలగకూడదు. ముందు అద్దం పక్క స్తంభం వంగినా, పెడల్స్ వెనక్కి వచ్చి కాళ్ల మీద పడినా, స్టీరింగ్ గుండె వైపు జరిగినా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోడానికి తగినంత ఖాళీ మిగలదు. 2023 గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో వ్యాగన్ఆర్‌కి పెద్దల విభాగంలో ఒక స్టారు, పిల్లల్లో సున్నా, బాడీ అన్‌స్టేబుల్. ఆల్టో కె10కి రెండు స్టార్లు, పిల్లల్లో సున్నా, బాడీ మాత్రం స్టేబుల్. 2025లో మారుతి ఈ రెండింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇచ్చింది. మెచ్చుకోవాల్సిన పని. అయినా ఎయిర్‌బ్యాగ్ అనేది మెత్తటి దిండు, ఇనప దూలం కాదు. కిటికీల మీదుగా పరదాలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ తలని కాపాడుతుంది, వంగే ఫ్లోరుని ఆపలేదు. ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి కదా అని పాత రిపోర్టులోని "అన్‌స్టేబుల్" మాటని కొట్టేయకండి. కొత్త పరీక్ష ఫలితం చూపించమని అడగండి.

మరి ఎయిర్‌బ్యాగుల సంఖ్యతో తేడా రాదా? వస్తుంది, బాలెనో ఫలితం చూస్తే ఎంతో తెలుస్తుంది. భారత్ ఎన్‌క్యాప్‌లో రెండు ఎయిర్‌బ్యాగుల బాలెనోకి 32కి 24.04, ఆరున్నదానికి 26.52. రెండూ నాలుగు స్టార్లే, మధ్యలో రెండున్నర మార్కుల తేడా. అంటే ఒకే స్టార్ల గీత కింద ఉన్న రెండు కార్లు ఒకటి కావు. స్టార్లు చూసి ఊరుకోక రిపోర్టులో మనిషి బొమ్మ (పరీక్షలో సీటులో కూర్చోబెట్టే డమ్మీ) రంగుల పటం తెరవండి. తల, మెడ, ఛాతీ, మోకాళ్లు దేనికదే రంగుతో చూపిస్తారు: ఆకుపచ్చ బాగున్నట్టు, ఎరుపు ప్రమాదమని. డ్రైవరు ఛాతీ దగ్గర నారింజ గానీ ఎరుపు గానీ ఉంటే మొత్తం మార్కులు ఎన్నున్నా మరో కారు చూడటమే మేలు.

ఇక స్టార్లు చెప్పని సంగతి బరువు. పరీక్షలో కారు గుద్దుకునేది తన సాటి కారుతో. టన్ను తూగే కారుకి లోడెత్తిన ట్రైలరు సాటి కాదు. అందుకే చిన్న కారు అయిదు స్టార్లనీ పెద్ద ఎస్‌యూవీ అయిదు స్టార్లనీ ఒకటనుకోకూడదు. వేగం సంగతీ అంతే. గంటకి 64 దగ్గరున్న శక్తి 80కి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 100 దగ్గర దాదాపు రెండున్నర రెట్లు. ఇంకో చిక్కు, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలది. వెనక అడ్డుకడ్డీ లేకపోయినా, పైకి ఎత్తి బిగించినా, చిన్న కారు బోనెట్ లారీ కిందకి దూరిపోయి తొట్టి అంచు నేరుగా ముందు అద్దానికి తగులుతుంది. నలగడానికి పెట్టిన భాగానికి అసలు పనే పడదు, ఏ స్టారూ అక్కడ ఆదుకోదు. అక్కడ పనికొచ్చేవి రెండే: మంచి హెడ్‌లైట్లు, మంచి బ్రేకులు. కారుని రాత్రి పూట కూడా టెస్ట్ డ్రైవ్ అడగండి. సాగర్ నగర్ దాటి రుషికొండ వైపు బీచ్ రోడ్డు మీద వెళ్తే లో బీమ్ ఎంత దూరం పడుతుందో తేలిపోతుంది.

అరకు, పాడేరు ఘాట్ రోడ్లకి తరచూ వెళ్లేవాళ్లు ఈఎస్‌సీ లేని వేరియంటు వైపు చూడొద్దు. ఏబీఎస్ చక్రాలు బిగుసుకోకుండా చూస్తుంది, అంతవరకే. తడి మలుపులో బండి జారి తిరిగిపోతుంటే ఒక్కో చక్రానికీ విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది ఈఎస్‌సీ. రెండూ ఒకటేనని చెప్పే సేల్స్‌వాళ్లు ఉన్నారు. బ్రోచరులో ఆ మాట విడిగా రాసి ఉందో లేదో వేలుపెట్టి చూపించమనండి.

వెనక సీటు గురించి గట్టిగా చెప్పాలి. బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా వెనక కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుంది, అయినా మన దగ్గర వెనక బెల్టు సీటు సందులోనే ఉండిపోతుంది. బెల్టు లేని మనిషి గుద్దుడులో ముందు సీటు మీద పడతాడు, ముందున్నవాళ్లని ఎయిర్‌బ్యాగ్ కాపాడినా వెనకనుంచి దెబ్బ తగులుతుంది. ఒళ్లో పిల్లని పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. యాభై కి.మీ. వేగంలో ఉన్న కారు అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, పది కిలోల పిల్ల దాదాపు రెండు వందల కిలోల బరువులా చేతుల్లోంచి ముందుకు లాగేస్తుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. అందుకని పిల్లల సీటుని కారుకి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, దాని పై పట్టీని తగిలించే సీటు వెనక టాప్ టెథర్ కొక్కెం ఉన్నాయో లేదో షోరూములోనే చెయ్యి పెట్టి తడమండి. పిల్లల సీటు ముందే కొని ఉంటే వెంట తీసుకెళ్లి బిగించి చూడండి. బిగించాక అటూ ఇటూ గుంజితే అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటుని ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే సరిగ్గా పిల్ల తల వెనకే కొడుతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లకి సముద్రపు గాలి మరో లెక్క. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు ఏళ్లు ఆరుబయట నిలబడ్డ బండిని లిఫ్ట్ ఎక్కించి తలుపుల కింది దూలాలు, ముందు ఛాసిస్ కొమ్ములు చూడాలి. పెయింటు ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్ పిడితో తడితే గట్టి ఇనుము ఖణేల్మంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అది పైపై మచ్చ కాదు, దెబ్బని మోసే చోటు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో బల్బు తీసేసి ఉండొచ్చు, ఆ బండి వదిలేయండి.

కొత్త కారు డెలివరీ రోజున యాక్సెసరీల కాగితం మీదికి తోస్తారు. ముందు ఇనప గార్డు వద్దనండి. అది నిషేధం, పైగా దెబ్బని నేరుగా ఛాసిస్‌కి ఎక్కించి ఎయిర్‌బ్యాగ్ సెన్సరు లెక్క తప్పిస్తుంది. సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగ్ వచ్చే బండికి గుండ్రంగా కుట్టేసిన సీటు కవర్లు వేయించొద్దు. వేయించే తీరాలంటే ఆ పక్క కుట్టు వదిలేసి ఎయిర్‌బ్యాగ్ కోసమే చేసిన కవర్లు అడగండి, సీటు అంచున ఉన్న ఎయిర్‌బ్యాగ్ లేబుల్ కవరు వేశాక కూడా బయటికి కనిపించాలి.